గతిజ శక్తి ఋణాత్మకం ఎందుకు కాదు? "వర్గం కాబట్టి" అన్న ఒక్క సమాధానం సరిపోతుందా?

ఏటవాలు:

అందరికీ నమస్కారం. యాంత్రిక శాస్త్రం నేర్చుకోవడం ఈ మధ్యనే మొదలుపెట్టాను. ఒక లెక్క దగ్గర పుట్టిన సందేహం రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. 2 కిలోగ్రాముల వస్తువును నేల మీది నుంచి సెకనుకు 10 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరితే 6 మీటర్ల ఎత్తులో దాని గతిజ శక్తి ఎంత అన్నది ప్రశ్న. గురుత్వ త్వరణాన్ని 10 గా తీసుకోమన్నారు. విసిరిన క్షణంలో గతిజ శక్తి 100 జౌల్‌లు, 6 మీటర్ల ఎత్తులో స్థితిజ శక్తి 120 జౌల్‌లు. శక్తి నిత్యత్వ నియమం ప్రకారం తీసివేస్తే గతిజ శక్తి −20 జౌల్‌లు వచ్చింది. పుస్తకం చివర ఉన్న సమాధానాల్లో "ఇది సాధ్యం కాదు" అని మాత్రమే రాశారు, కారణం ఇవ్వలేదు.

స్థితిజ శక్తి ఋణాత్మకం కావచ్చని అదే పుస్తకం మరో చోట చెబుతోంది. పని ఋణాత్మకం కావచ్చు, వేగమూ కావచ్చు. గతిజ శక్తికి మాత్రమే ఈ నిషేధం ఎందుకో ఎవరైనా వివరించగలరా?

బిందువు:

సమాధానం సూత్రంలోనే ఉంది. ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి అందులో సగం తీసుకుంటే గతిజ శక్తి వస్తుంది. ద్రవ్యరాశి ధనాత్మకం. వేగం సదిశ కాబట్టి దాని వర్గం అంటే ఆ సదిశకు దానితోనే తీసుకున్న బిందు లబ్ధం, అనగా మూడు అక్షాల మీది అంశాలను విడివిడిగా వర్గం చేసి కూడగా వచ్చే మొత్తం. వాస్తవ సంఖ్యల వర్గాలను ఎన్నింటిని కూడినా ఆ మొత్తం సున్నా కంటే తగ్గదు. వేగం ముందు ఋణ గుర్తు ఉంటే అది దిక్కును తెలిపేది మాత్రమే, వర్గం చేయగానే అది పోతుంది. మీ లెక్కలో −20 రావడానికి కారణం, ఆ వస్తువు 6 మీటర్ల ఎత్తుకు చేరకపోవడమే.

అణువు:

బిందువు గారి సమాధానానికి ఒక చిన్న చేర్పు. గతిజ శక్తికి ఋణ గుర్తు వచ్చిందని వాపోయే వారిలో కొందరిది భౌతికశాస్త్రపు పొరపాటు కాదు, గణన యంత్రం దగ్గర జరిగిన పొరపాటు. −5 ను కుండలీకరణాల్లో పెట్టకుండా వర్గం చేయమంటే చాలా యంత్రాలు ముందు 5 ను వర్గం చేసి, తరువాత ఋణ గుర్తును తగిలించి −25 అని చూపుతాయి. పైథాన్ భాష కూడా అలాగే చేస్తుంది. ఎక్సెల్ మాత్రం అదే రాతకు 25 ఇస్తుంది. కాబట్టి ఋణ వేగాన్ని వర్గం చేసేటప్పుడు దానిని కుండలీకరణాల్లో పెట్టడం తప్పనిసరి.

ఏటవాలు:

ఇద్దరికీ ధన్యవాదాలు. నా పొరపాటు గణన యంత్రం దగ్గర జరిగింది కాదు, తీసివేత సరిగ్గానే చేశాను. బిందువు గారి వివరణ అర్థమైంది కానీ నా సందేహం పూర్తిగా తీరలేదు. వర్గం వల్లనే ఋణాత్మకం కావడం లేదంటే, ఆ సూత్రంలో వర్గమే ఎందుకు ఉండాలి? వేగాన్ని దాని పరిమాణంతో గుణిస్తే కూడా అంతే పెద్ద సంఖ్య వస్తుంది కదా, పైగా దిక్కును బట్టి గుర్తు కూడా నిలుస్తుంది. కుడివైపు కదిలే వస్తువుకు ధన శక్తి, ఎడమవైపు కదిలే వస్తువుకు ఋణ శక్తి అని నిర్వచిస్తే ప్రకృతికి వచ్చే ఇబ్బంది ఏమిటి? సూత్రం ఇలా ఉంది కాబట్టి ఫలితం అలా వస్తుందనడం కారణం చెప్పినట్టు నాకు అనిపించడం లేదు.

లోలకం:

ఏటవాలు గారూ, మీరు అడిగినది సరైన ప్రశ్న. చాలా ఏళ్లు ఈ పాఠం చెప్పిన వాడిని, వర్గం కాబట్టి ధనాత్మకం అని చెప్పి తరగతిని ముగించిన రోజులు నాకూ ఉన్నాయి. సూత్రం ప్రకృతిని వర్ణిస్తుందే తప్ప ప్రకృతి సూత్రాన్ని చూసి నడుచుకోదు. అందువల్ల మీరు ప్రతిపాదించిన నిర్వచనాన్నే తీసుకుని అది ఎక్కడ విరిగిపోతుందో చూద్దాం.

ఒక్కొక్కటి 1 కిలోగ్రాము ఉన్న రెండు బంకమట్టి ముద్దలు సెకనుకు 3 మీటర్ల వేగంతో ఎదురెదురుగా వచ్చి ఢీకొని, అతుక్కుని ఆగిపోయాయనుకోండి. మీ నిర్వచనం ప్రకారం ఒక ముద్దకు 4.5 జౌల్‌లు, రెండవదానికి −4.5 జౌల్‌లు, మొత్తం సున్నా. ఢీకొన్న తరువాతా కదలిక లేదు కాబట్టి మళ్లీ సున్నాయే. మరి మట్టి నలిగింది, శబ్దం వచ్చింది, ముద్దలు కొద్దిగా వేడెక్కాయి. ఈ ఖర్చంతా ఎక్కడి నుంచి వచ్చింది? ముద్దలు తెచ్చినది సున్నా అయితే వేడి పుట్టడానికి వీలే లేదు. రెండింటికీ ధన శక్తి ఉందంటేనే, అంటే మొత్తం 9 జౌల్‌లు ఉన్నాయంటేనే, పుట్టిన వేడికి లెక్క కుదురుతుంది. దిక్కును బట్టి గుర్తు మారి, ఎదురెదురుగా వస్తే ఒకదానినొకటి రద్దు చేసుకునే రాశి ఒకటి ఉన్న మాట నిజమే. దాని పేరు ద్రవ్యవేగం, అంటే ద్రవ్యరాశి, వేగాల లబ్ధం. అదీ ముఖ్యమైనదే, అదీ నిత్యత్వం పాటించేదే, కానీ అది శక్తి కాదు. మీ నిర్వచనం ద్రవ్యవేగపు గుణాన్ని తెచ్చి శక్తికి అంటగడుతోంది.

ఈ రెండు రాశులను విడదీసి చూడడానికి శాస్త్రవేత్తలకే చాలా కాలం పట్టింది. కదలికకు సరైన కొలత ద్రవ్యరాశి, వేగాల లబ్ధమని దెకార్త్ అనుచరులు వాదించారు. కాదు, ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించాలని 1686 లో లైబ్నిజ్ ప్రకటించి, తరువాత ఆ రాశికి "సజీవ బలం" అనే అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టాడు. 1720 ల్లో డచ్ శాస్త్రవేత్త గ్రావెసాండె ఇత్తడి గోళాలను మెత్తని మట్టి మీద పడవేసి, అవి చేసిన గుంటలను కొలిచాడు. వేగం రెట్టింపైతే గుంట నాలుగింతలైంది. ఈ ఫలితాన్ని ఎమిలీ ద్యు షాత్లే 1740 లో వెలువరించిన తన గ్రంథంలో లైబ్నిజ్ పక్షాన చర్చించింది. సగం అనే గుణకాన్ని స్థిరపరచినది కొరియోలి, అది 1829 నాటి మాట. ఈ చరిత్రంతా చెప్పడానికి కారణం ఉంది. వర్గం ఎవరో సౌకర్యం కోసం పెట్టుకున్నది కాదు, మట్టిలో పడిన గుంటను కొలిచి తెలుసుకున్నది. గోళం ఏ దిక్కు నుంచి వచ్చి తగిలినా గుంట గుంటే. ఎడమవైపు నుంచి వచ్చిన గోళం మట్టిలో ఉన్న గుంటను పూడ్చి వెళ్లడం ఎవరూ చూడలేదు.

ఇక అసలు కారణానికి వస్తాను. నిశ్చలంగా ఉన్న వస్తువును కదిలించాలంటే బలం ప్రయోగించాలి. అది బలం ఉన్న దిక్కుకే కదలడం మొదలుపెడుతుంది కాబట్టి, బలమూ స్థానభ్రంశమూ ఒకే దిక్కున ఉండి, జరిగిన పని ధనాత్మకమవుతుంది. మీరు ఉత్తరానికి నెట్టినా దక్షిణానికి నెట్టినా ఇదే జరుగుతుంది. అలా పెట్టిన పని మొత్తమే ఆ వస్తువు గతిజ శక్తి. ఆ వస్తువును తిరిగి ఆపేటప్పుడు అది దేనినైనా నెట్టి అంతే పనిని తిరిగి ఇస్తుంది. ఇచ్చి ఇచ్చి నిశ్చల స్థితికి వచ్చాక దాని దగ్గర ఇవ్వడానికి ఇంకా కదలిక మిగలదు. గతిజ శక్తి ఋణాత్మకమని అనడం, ఆగిపోయిన వస్తువు కంటే తక్కువగా కదిలే వస్తువు ఉందని అనడమే. ఆగిపోవడానికి కింద మరో మెట్టు లేదు.

కక్ష్య:

లోలకం గారి వివరణ చదివాక ఏటవాలు గారి మొదటి లెక్కకు తిరిగి వెళ్లాలనిపించింది, ఎందుకంటే ఆ −20 జౌల్‌లను "తప్పు" అని కొట్టివేసి వదిలేస్తే ఒక మంచి సమాచారం పోతుంది. ఉన్న 100 జౌల్‌లు 5 మీటర్ల ఎత్తులోనే పూర్తిగా స్థితిజ శక్తిగా మారిపోయాయి. వస్తువు అక్కడ క్షణకాలం ఆగి వెనుదిరిగింది. 6 మీటర్లకు చేరాలంటే ఇంకా 20 జౌల్‌లు కావాలని మీ తీసివేత చెబుతోంది. అంటే అది గతిజ శక్తి విలువ కాదు, లోటు. మొత్తం శక్తి కంటే స్థితిజ శక్తి ఎక్కువయ్యే చోటికి వస్తువు వెళ్లలేదన్న నియమం కక్ష్యల లెక్కలన్నింటికీ పునాది. గ్రహం సూర్యుడికి ఎంత దగ్గరకు రాగలదో, ఎంత దూరం పోగలదో నిర్ణయించడంలో గతిజ శక్తికి ఉన్న ఈ అడుగు హద్దుది కీలక పాత్ర.

మొత్తం శక్తి ఋణాత్మకం కావడం మాత్రం రోజూ జరిగేదే, దానిని గతిజ శక్తితో కలిపేయకూడదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో సెకనుకు దాదాపు 7.67 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. దానిలోని ప్రతి కిలోగ్రాముకు గతిజ శక్తి దాదాపు 2.94 కోట్ల జౌల్‌లు. అనంత దూరంలో స్థితిజ శక్తిని సున్నా అనుకుంటే, ఆ ఎత్తులో అది కిలోగ్రాముకు దాదాపు −5.88 కోట్ల జౌల్‌లు. రెండూ కలిపితే −2.94 కోట్లు. ఈ ఋణ గుర్తుకు అర్థం ఆ కేంద్రం భూమి పట్టు నుంచి విడిపోలేదని. దాని కదలికలో ఋణాత్మకమైనది ఏదీ లేదు.

ఇందులో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే విషయం ఒకటుంది. పలుచని గాలి రాపిడికి ఉపగ్రహం శక్తిని కోల్పోయి కిందికి దిగినప్పుడు దాని వేగం తగ్గదు, పెరుగుతుంది. స్థితిజ శక్తి రెండు వంతులు తగ్గితే, అందులో ఒక వంతు వేడిగా పోయి, మరొక వంతు గతిజ శక్తికి చేరుతుంది. మొత్తం శక్తి ఇంకా లోతుగా ఋణాత్మకమవుతుంది, గతిజ శక్తి ఇంకా పెద్ద ధన సంఖ్య అవుతుంది.

బిందువు:

నా మొదటి సమాధానం అసంపూర్ణమని ఒప్పుకుంటున్నాను. అయితే లోలకం గారి వాదనలో ఒక చోట నాకు అభ్యంతరం ఉంది. పని-శక్తి సిద్ధాంతం గతిజ శక్తిలో వచ్చే మార్పును మాత్రమే నిర్ణయిస్తుంది. నిశ్చల స్థితిలో విలువ సున్నా అన్నది ఆ సిద్ధాంతం చెప్పదు, మనమే పెట్టుకున్నాం. గతిజ శక్తి విలువలన్నింటి నుంచి 50 జౌల్‌లు తీసివేసి రాసుకున్నా మార్పులు మారవు, లెక్కలూ చెడిపోవు. అప్పుడు నెమ్మదిగా కదిలే వస్తువుకు ఋణ విలువే వస్తుంది. స్థితిజ శక్తికి సున్నాను ఎక్కడైనా పెట్టుకోవచ్చని అనుమతించి, గతిజ శక్తికి ఆ స్వేచ్ఛ లేదనడానికి ఆధారం ఏమిటి?

రెండవది, వేగం చూసేవారిని బట్టి మారుతుంది. ఒక నిర్దేశ చట్రంలో శక్తి పెరిగితే మరొక చట్రంలో తగ్గవచ్చు. అలాంటప్పుడు అడుగు హద్దు అనేది అందరికీ ఒకటే అని ఎలా చెబుతాం?

లోలకం:

రెండు అభ్యంతరాలూ సరైనవే. రెండవదానితో మొదలుపెడతాను, ఎందుకంటే అందులో ఒక చక్కని లెక్క ఉంది.

సెకనుకు 20 మీటర్ల వేగంతో పోతున్న రైలులో ఒకరు 2 కిలోగ్రాముల బంతిని రైలు వెళ్లే దిక్కుకు వ్యతిరేకంగా, తమ లెక్కలో సెకనుకు 20 మీటర్ల వేగం వచ్చేలా విసిరారు. రైలులో ఉన్న వారికి బంతి గతిజ శక్తి సున్నా నుంచి 400 జౌల్‌లకు పెరిగింది. నేల మీద నిలబడి చూసే వారికి బంతి ముందు 400 జౌల్‌లతో పోతూ, విసిరిన తరువాత గాలిలో అడ్డంగా కదలకుండా ఉండిపోయింది. దాని గతిజ శక్తి 400 నుంచి సున్నాకు తగ్గింది. ఒకే విసురుకు ఒకరు 400 జౌల్‌ల లాభం చూశారు, ఇంకొకరు 400 జౌల్‌ల నష్టం చూశారు. ఇద్దరూ సరిగ్గానే చూశారు. నేల మీది వ్యక్తి లెక్కలో బంతి పోగొట్టుకున్న 400, విసిరిన వ్యక్తి కండరాలు ఇచ్చిన 400, రెండూ కలిసి 800 జౌల్‌లు రైలుకు చేరాయి. విసిరేటప్పుడు కాళ్లు రైలును ముందుకు నెట్టడం వల్ల దానికి సెకనుకు 40 కిలోగ్రాము-మీటర్ల ద్రవ్యవేగం అందింది. చాలా బరువైన రైలు వేగం దాదాపు మారకుండా 20 గానే ఉంటుంది కాబట్టి, 40 ని 20 తో గుణిస్తే ఆ 800 వస్తుంది. రెండు చట్రాల్లోనూ మార్పులకు గుర్తు తారుమారైంది కానీ, ఏ చట్రంలోనూ ఏ వస్తువు గతిజ శక్తీ సున్నా కిందికి పోలేదు. విలువ చూసేవారిది, హద్దు అందరిదీ.

ఇక మొదటి అభ్యంతరం. ఒక స్థిర సంఖ్యను కలుపుకునే స్వేచ్ఛ గణితంలో ఉందన్నది నిజమే. అయితే స్థితిజ శక్తికి ప్రకృతి చూపించే ప్రత్యేక స్థానం చాలా సందర్భాల్లో లేదు. నేలను సున్నా అనుకున్నా, బల్లను సున్నా అనుకున్నా ఒకటే. గతిజ శక్తికి అలాంటి ప్రత్యేక స్థానం ఉంది, అదే నిశ్చల స్థితి. మీరు 50 తీసివేసి రాసుకుంటే నిశ్చల స్థితికి −50 వస్తుంది, కదిలే ప్రతి వస్తువుకూ అంతకంటే ఎక్కువే వస్తుంది. కొలబద్ద మీది అంకెలు జరిగాయి, అడుగు మాత్రం జరగలేదు. అందువల్ల అసలు భౌతిక వాక్యాన్ని "కదిలే వస్తువు శక్తికీ, అదే వస్తువు ఆగి ఉన్నప్పటి శక్తికీ మధ్య తేడా ఎప్పుడూ ధనాత్మకం" అని రాయడం మేలు. ఆ తేడాకే మనం గతిజ శక్తి అని పేరు పెట్టాం.

తరంగం:

లోలకం గారు చివరలో చెప్పిన వాక్యం ప్రత్యేక సాపేక్షతా సిద్ధాంతంలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ ఆగి ఉన్న వస్తువుకు కూడా శక్తి ఉంటుంది. అది దాని ద్రవ్యరాశిని కాంతి వేగం వర్గంతో గుణించగా వచ్చే విరామ శక్తి. బిందువు గారు అడిగిన స్థిర సంఖ్య అదేనని అనుకోవచ్చు. మొత్తం శక్తి నుంచి విరామ శక్తిని తీసివేస్తే మిగిలేది గతిజ శక్తి. వేగంతో పెరిగే ఒక గుణకంతో విరామ శక్తిని గుణిస్తే మొత్తం శక్తి వస్తుంది. ఆ గుణకం నిశ్చల స్థితిలో 1, ఏ వేగం దగ్గరా 1 కంటే తక్కువ కాదు. కాంతి వేగంలో 60 శాతంతో పోయే ఎలక్ట్రాన్‌కు అది 1.25. ఎలక్ట్రాన్ విరామ శక్తి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు కాబట్టి గతిజ శక్తి అందులో నాలుగో వంతు, దాదాపు 128. పాత సూత్రంతో లెక్కిస్తే 92 మాత్రమే వస్తుంది. ఇక్కడ సూత్రం మారిపోయింది, వేగం వర్గంలో సగం అన్న రూపం పోయింది, అయినా ఋణాత్మకం కాదన్న ఫలితం నిలిచింది. ఏటవాలు గారి అనుమానానికి ఇది మంచి ఆధారం: కారణం వర్గంలో మాత్రమే ఉండి ఉంటే, ఆ రూపంతో పాటు ఫలితమూ పోవలసింది.

అణువు:

ఇంతవరకు చెప్పినదంతా పెద్ద వస్తువుల సంగతి. క్వాంటం యాంత్రిక శాస్త్రంలో ఈ నియమం విఫలమవుతుందని నా అభిప్రాయం. 1928 లో గామో, అదే ఏడాది విడిగా గర్నీ, కాండన్ కలిసి ఆల్ఫా క్షయాన్ని, అంటే కేంద్రకం నుంచి ఆల్ఫా కణం వెలువడడాన్ని, వివరించిన తీరు చూడండి. ఆల్ఫా కణానికి ఉన్న శక్తి కంటే కేంద్రకం చుట్టూ ఉన్న స్థితిజ శక్తి అడ్డుగోడ ఎత్తు ఎక్కువ. అయినా కణం ఆ గోడ గుండా బయటికి వస్తుంది. గోడ లోపల ఉన్నంతసేపు మొత్తం శక్తి నుంచి స్థితిజ శక్తిని తీసివేస్తే ఋణ సంఖ్యే వస్తుంది. ఏటవాలు గారి 6 మీటర్ల ఎత్తుకు కణం నిజంగానే చేరినట్టు కదా. అలాగే అర్ధవాహకాల్లో సంయోజక పట్టీ (బంధాల్లోని ఎలక్ట్రాన్‌లు ఉండే శక్తుల వరుస) పై అంచు దగ్గర ఎలక్ట్రాన్‌కు ప్రభావక ద్రవ్యరాశి ఋణాత్మకం అంటారు. ద్రవ్యరాశే ఋణాత్మకమైతే గతిజ శక్తి కూడా ఋణాత్మకం కావాలి.

తరంగం:

అణువు గారూ, రెండు ఉదాహరణలూ మంచివే కానీ రెండింటి నుంచీ మీరు తీసిన ముగింపు సరైనది కాదు. కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ అపోహ చాలా చోట్ల కనిపిస్తుంది.

క్వాంటం యాంత్రిక శాస్త్రంలో గతిజ శక్తి ద్రవ్యవేగపు వర్గాన్ని ద్రవ్యరాశికి రెట్టింపుతో భాగించగా వచ్చే రాశి. ద్రవ్యవేగాన్ని ఎప్పుడు కొలిచినా వాస్తవ సంఖ్యే వస్తుంది, కాబట్టి గతిజ శక్తిని కొలిస్తే వచ్చే ప్రతి ఫలితమూ సున్నా లేదా ధన సంఖ్య. సగటు విలువ తరంగ ప్రమేయపు (కణం ఎక్కడ దొరికే అవకాశం ఎంతో తెలిపే ప్రమేయం) వాలును వర్గం చేసి అంతటా కూడగా వచ్చేదానికి అనుపాతంలో ఉంటుంది కాబట్టి అదీ ఋణాత్మకం కాదు. ఇందులో మినహాయింపు లేదు.

మరి గోడ లోపలి మాట ఏమిటి? "కణం ఇప్పుడు గోడ లోపల ఉంది, దాని మొత్తం శక్తి ఇంత, కాబట్టి గతిజ శక్తి ఇంత" అన్న వాక్యంలోనే చిక్కు ఉంది. స్థానమూ గతిజ శక్తీ ఒకేసారి నిర్దిష్ట విలువలు కలిగి ఉండే రాశులు కావు. హైడ్రోజన్ పరమాణువునే తీసుకోండి. కనిష్ఠ శక్తి స్థితిలో మొత్తం శక్తి −13.6 ఎలక్ట్రాన్ వోల్టులు. గతిజ శక్తి సగటు +13.6, స్థితిజ శక్తి సగటు −27.2. కక్ష్య గారు ఉపగ్రహానికి చూపిన నిష్పత్తి ఇక్కడా అదే కావడం గమనించండి. విలోమ వర్గ ఆకర్షణ ఉన్న చోటల్లా ఇదే పొందిక. ఇప్పుడు కేంద్రకం నుంచి బోర్ వ్యాసార్ధానికి (హైడ్రోజన్ పరమాణువు పరిమాణానికి కొలమానంగా వాడే దూరం) రెట్టింపు దూరం దాటితే స్థితిజ శక్తి −13.6 కంటే ఎక్కువవుతుంది, అంటే పాత యాంత్రిక శాస్త్రం ప్రకారం అది నిషిద్ధ ప్రాంతం. అయినా ఎలక్ట్రాన్ స్థానాన్ని కొలిస్తే 100 లో దాదాపు 24 సార్లు అది ఆ దూరానికి అవతలే దొరుకుతుంది. నిషిద్ధ ప్రాంతంలో ఉండడం అపురూపమైన సంఘటన కాదు, ప్రతి హైడ్రోజన్ పరమాణువులోనూ మామూలు విషయం.

అలా అవతల దొరికిన ఎలక్ట్రాన్‌కు ఋణ గతిజ శక్తి ఉందా? దానిని అక్కడ పట్టుకోవాలంటే నిషిద్ధ ప్రాంతంలో తరంగం క్షీణించే దూరం కంటే సూక్ష్మంగా స్థానాన్ని కొలవాలి. అంత సూక్ష్మంగా కొలిచేసరికి అనిశ్చితత్వ సూత్రం (స్థానం ఎంత నిక్కచ్చిగా తెలిస్తే ద్రవ్యవేగం అంత అనిశ్చితమన్న నియమం) వల్ల ద్రవ్యవేగం విస్తరిస్తుంది. ఆ విస్తరణతో వచ్చే శక్తి, మనం లోటు అనుకున్నదానిని పూడ్చడానికి సరిపోయే స్థాయిలో ఉంటుంది. ఆ శక్తిని ఇచ్చేది కొలిచే పరికరం. అంటే కొలతకు ముందు ఉన్న −13.6 అన్న మొత్తం శక్తి కొలత తరువాత ఉండదు. మొత్తం శక్తిని ఒక స్థితి నుంచి, స్థానాన్ని మరొక స్థితి నుంచి తెచ్చి తీసివేయడం వల్లనే ఋణ సంఖ్య వస్తోంది. 1993 లో అహరనోవ్, పొపెస్కు, రోర్లిక్, వైద్‌మన్ ప్రచురించిన పత్రం సరిగ్గా ఈ విషయం మీదనే ఉంది. పరికరం దోషాలు పెద్దవిగా ఉండే బలహీన కొలతలు చేసి, ఆ తరువాత కణం నిషిద్ధ ప్రాంతంలో దొరికిన సందర్భాలను మాత్రమే ఏరి చూస్తే, ఆ ఫలితాలు ఋణ గతిజ శక్తి చుట్టూ గుమిగూడతాయని వారు చూపించారు. అది లోతైన ఫలితమే కానీ, ఏరిన కొలతల గురించి చెప్పే ఫలితం. ఒక కణాన్ని పట్టుకుని గతిజ శక్తిని నిక్కచ్చిగా కొలిస్తే ఋణ సంఖ్య వస్తుందని అది చెప్పదు.

ప్రభావక ద్రవ్యరాశి సంగతి ఇంతకంటే తేలిక. స్ఫటికంలోని ఎలక్ట్రాన్ మీద మనం ప్రయోగించే బలంతో పాటు పరమాణువుల అమరిక కూడా బలాన్ని ప్రయోగిస్తుంది. ఆ రెండవ బలాన్ని విడిగా లెక్కించకుండా ద్రవ్యరాశిలోనే కలిపివేసి రాసుకున్న సంఖ్యే ప్రభావక ద్రవ్యరాశి. అది ఋణాత్మకమంటే, మనం ఒక వైపు నెడితే స్ఫటికపు అమరిక ఎలక్ట్రాన్‌ను రెండవ వైపు అంతకంటే గట్టిగా నెడుతోందని అర్థం. ఆ ఎలక్ట్రాన్ అసలు ద్రవ్యరాశి మారలేదు, దాని గతిజ శక్తి సగటు ధనాత్మకంగానే ఉంది.

అణువు:

ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. స్థానం ఒక స్థితి నుంచి, శక్తి మరొక స్థితి నుంచి తెస్తున్నానన్న సంగతి నేను గమనించలేదు. నా మొదటి వాదనను వెనక్కి తీసుకుంటున్నాను. అయితే ఒక ప్రశ్న మిగిలింది. ప్రభావక ద్రవ్యరాశి కాకుండా, నిజంగానే ఋణ ద్రవ్యరాశి ఉన్న పదార్థం ఒకటి ఉందనుకుందాం. అప్పుడు ఈ నియమం పడిపోవలసిందే కదా?

లోలకం:

పడిపోతుంది. దానితో పాటు చాలా పడిపోతాయి. నిశ్చల స్థితి అట్టడుగు అని నేను మొదట రాసిన మాటకు ద్రవ్యరాశి ధనాత్మకం అన్న షరతు లోపల దాగి ఉంది. నెట్టిన దిక్కుకే వస్తువు కదులుతుందన్న వాక్యంలో అది చేరిపోయింది. ఋణ ద్రవ్యరాశి ఉన్న వస్తువును నెడితే అది మీ మీదికి వస్తుంది. దానికి నిశ్చల స్థితి అడుగు కాదు, శిఖరం. కదలడం మొదలుపెట్టాక ఎంత వేగంగా పోతే అంత లోతుకు దాని శక్తి పడుతుంది.

అలాంటి వస్తువు గాలిలో పోతోందనుకోండి. గాలి అణువులను ఢీకొంటూ వాటికి వేడిని ఇస్తుంది. శక్తిని ఇచ్చింది కాబట్టి దాని శక్తి ఇంకా తగ్గాలి, అంటే వేగం ఇంకా పెరగాలి. వేగం పెరిగితే ఇంకా ఎక్కువ వేడి. రాపిడి దానిని ఆపదు, ఉరకలెత్తిస్తుంది, ఈ ప్రక్రియకు ముగింపు లేదు. 1957 లో హెర్మన్ బాండి సాధారణ సాపేక్షతా సిద్ధాంతంలో ఋణ ద్రవ్యరాశిని పరిశీలించి, సమాన పరిమాణం గల ధన, ఋణ ద్రవ్యరాశులను పక్కపక్కన ఉంచితే ఒకటి పారిపోతూ, రెండవది తరుముతూ రెండూ ఒకే దిక్కుకు త్వరణం పొందుతూ ఉంటాయని చూపించాడు. నిత్యత్వ నియమాలను ఆ జంట ఉల్లంఘించదు, ఎందుకంటే ఒకదాని ధన శక్తిని మరొకదాని ఋణ శక్తి సరిచేస్తూ ఉంటుంది. అంటే నిత్యత్వ నియమం ఒక్కటే ప్రపంచాన్ని నిలకడగా ఉంచలేదు, అడుగు హద్దు కూడా ఉండాలి. అలాంటి పదార్థం ఇంతవరకు ఎక్కడా కనబడలేదు.

తరంగం:

క్షేత్ర సిద్ధాంతంలోనూ ఇదే ఇబ్బంది ఎదురవుతుంది. గతిజ పదానికి (క్షేత్రంలో వచ్చే మార్పుల శక్తిని తెలిపే పదం) తప్పుడు గుర్తు ఉన్న క్షేత్రం ఒకటి మామూలు క్షేత్రాలతో చర్య జరుపుతోందంటే, ఖాళీ శూన్యం నుంచే ధన శక్తి కణాలూ ఋణ శక్తి కణాలూ కలిసి పుడుతూ పోతాయి; మొత్తం శక్తి సున్నాగానే ఉంటుంది కాబట్టి దానిని ఆపేది ఏదీ ఉండదు. అందుకే కొత్త సిద్ధాంతం రాసిన వారు ముందుగా పరీక్షించుకునే విషయాల్లో గతిజ పదపు గుర్తు ఒకటి.

ఏటవాలు:

అందరి సమాధానాలూ రెండేసి సార్లు చదివాను. నా లెక్కను మళ్లీ చేశాను. 6 మీటర్ల ఎత్తుకు చేరాలంటే నేల దగ్గర కనీసం 120 జౌల్‌లు ఉండాలి. 2 కిలోగ్రాములకు అది సెకనుకు 10.95 మీటర్ల వేగం. 10 మీటర్ల వేగంతో విసిరితే 5 మీటర్ల దగ్గరే తిరిగి వస్తుంది. బంకమట్టి ముద్దల ఉదాహరణతో నా నిర్వచనం ఎందుకు నిలవదో తెలిసింది.

ఒక చిన్న సందేహం మాత్రం ఉంది. పైకి పోయే 5 మీటర్లలో గురుత్వ బలం చేసిన పని −100 జౌల్‌లు. ఇది ఋణాత్మకం కావడంలో తప్పు లేదు కదా? అంతకంటే ఎక్కువ ఋణాత్మకం కావచ్చునా?

కక్ష్య:

తప్పు లేదు. పని అనేది మార్పు, మార్పుకు రెండు గుర్తులూ ఉంటాయి. అయితే మీ రెండవ ప్రశ్నకు సమాధానం ఈ చర్చలోనే ఉంది. ఒక వస్తువు మీద ఫలిత బలం చేసే ఋణ పనికి, మొదలైనప్పుడు దానికి ఉన్న గతిజ శక్తే పరిమితి. మీ వస్తువు దగ్గర 100 ఉంది కాబట్టి −100 వరకే. అక్కడికి చేరిన క్షణంలో వేగం సున్నా అవుతుంది. గురుత్వ బలం ఆ తరువాత కూడా అదే బలంతో కిందికే లాగుతుంది కానీ వస్తువు దిక్కు మారడం వల్ల బలమూ స్థానభ్రంశమూ ఒకే వైపుకు వచ్చి, అదే బలం చేసే పని ధనాత్మకంగా మారుతుంది. 5 మీటర్లు దిగి నేలను తాకబోయే క్షణానికి ఆ 100 జౌల్‌లూ తిరిగి వచ్చేస్తాయి. అప్పుడు వేగాన్ని −10 అని రాస్తారు, గతిజ శక్తిని 100 అని రాస్తారు.